రొటోరువాలో నాకు రాని బంతి

నలభై దాటిన ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ పోటీల కోసం ఆక్లాండ్ నుంచి రొటోరువా వెళ్లి రావాలనుకునేవాళ్లు నా పాఠకుల్లో పదిమంది కూడా ఉండరని తెలుసు. అయినా రాస్తున్నాను. దారి, ఖర్చు, తిండి సంగతులన్నీ చెబుతాను కానీ, అసలు నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది ఆట కోసం కాదు. పక్క సీట్లో కూర్చునే మనిషికి ఒక మాట చెప్పడం కోసం. ఆ మాట ఇరవై రెండేళ్లుగా నా గొంతులోనే ఉండిపోయింది.

ఆ మనిషి పద్మజ. మాకందరికీ పద్దు. ఏలూరులో ఒకే ఆడపిల్లల కాలేజీలో చదివాం, ఒకే సిమెంటు కోర్టు మీద మోకాళ్లు చెక్కుకున్నాం. తను బంతి అందించేది, నేను వేసేదాన్ని. జిల్లా పేపర్లో నా ఫొటో రెండుసార్లు పడింది. రెండింటిలోనూ ఓ మూలన తన మోచెయ్యి కనిపిస్తుంది, అంతే. చదువులయ్యాక ఎవరి దారి వాళ్లది. పదేళ్ల క్రితం ఆక్లాండ్‌లోనే దక్షిణాన ఉన్న మనురేవాకి పని మీద వెళ్లి, దారిలో ఒక డెయిరీలోకి దూరాను. ఇక్కడ డెయిరీ అంటే వీధి మలుపులో ఉండే కిరాణా కొట్టు. పాలు తీసుకుని, బ్రెడ్ కూడా కావాలన్నాను. కౌంటర్ వెనక ఉన్నావిడ బిల్లు మెషిన్ మీంచి కళ్లు తిప్పకుండానే పక్క అరలోంచి బ్రెడ్ తీసి విసిరింది. అది సరిగ్గా నా కుడిచేతిలోకి వచ్చి పడింది. మొహం చూడకముందే "పద్దూ" అన్నాను. ఆ కొట్టు తనదే. అప్పట్నుంచీ మేం మళ్లీ ఒక జట్టు. గురువారం సాయంత్రాలు మా హెండర్సన్‌లో ఒక హాల్లో, మాలాగే నడుము పట్టేసిన ఇంకో ఏడుగురితో కలిసి ఆడుతుంటాం.

నెల క్రితం ఒక గురువారం పద్దు కూతురు నిత్య కూడా వచ్చింది. పన్నెండేళ్లు. తెలుగు అర్థమవుతుంది కానీ నోట్లోంచి వచ్చేదంతా ఇంగ్లీషే. బెంచీ మీద కూర్చుని వాళ్లమ్మని ఇంగ్లీషులోనే, "నువ్వంత బాగా ఆడేదానివైతే యూనివర్సిటీ టీమ్‌కి శైలు ఆంటీ ఒక్కతే ఎందుకెళ్లింది?" అని అడిగింది. శైలు ఆంటీ అంటే నేనే. పద్దు షూ లేసులు కట్టుకుంటూ, "నేనంత బాగా ఆడేదాన్ని కాదమ్మా" అంది. బాధగా కూడా అనలేదు. రేపు వాన పడుతుందట అన్నంత మామూలుగా అంది. తను నిజంగా అలాగే నమ్ముతోందని అప్పుడే నాకు తెలిసింది.

కానీ ఆ టీమ్ సెలక్షన్ రోజు ఏం జరిగిందో నాకొక్కదానికే తెలుసు. స్కోరు షీటులో నా పేరు పక్కన పద్దెనిమిది పాయింట్లు, తన పేరు పక్కన రెండు. ఎవరు వేశారో షీటులో ఉంటుంది, ఎవరు ఫౌల్ చేశారో ఉంటుంది, ఎవరు అందించారో మాత్రం ఉండదు. అయినా సెలక్టర్లలో ఒకాయనకి కన్ను ఉంది. నన్ను పక్కకి పిలిచి, "నీకు బాల్ ఇస్తున్న ఆ పొట్టి అమ్మాయి ఎలాంటి ప్లేయరమ్మా? ఆ అమ్మాయిని కూడా చూడమంటావా?" అని అడిగారు. మా కాలేజీ నుంచి ఒక్కరినే తీసుకుంటారని అప్పటికే గుసగుసలు. నేను, "బాల్ ఎవరైనా ఇస్తారు సార్" అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయారు. రొటోరువా పోటీల కబురు రాగానే, మిగతావాళ్లని వేరే కార్లలో సర్ది, పద్దుని నా కారులో ఎక్కించుకున్నది ఇందుకే.

శనివారం పొద్దున ఐదున్నరకి హెండర్సన్‌లో బయల్దేరి, ఆరు దాటగానే మనురేవాలో పద్దుని ఎక్కించుకున్నాను. ఆ సమయంలో మోటర్‌వే ఖాళీగా ఉంటుంది. ఏడు దాటాక వెళ్తే మీ ఇష్టం, నన్ననకండి. ఊరి దక్షిణపు అంచున బాంబే అనే పేరున్న కొండలు దాటాక ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకుంటే హ్యామిల్టన్‌నీ కేంబ్రిడ్జ్‌నీ పక్కన వదిలేసి నేరుగా వెళ్లిపోవచ్చు. నా పాత కారుకి రానూపోనూ పెట్రోలు తొంభై డాలర్ల చిల్లర అయింది. బాంబే కొండల దగ్గర చెబుదామనుకున్నాను, పొగమంచు ఉంది, రోడ్డు చూసుకోవాల్సి వచ్చింది. హ్యామిల్టన్ పక్కనుంచి పోతూ చెబుదామనుకున్నాను, తను నోరు తెరుచుకుని నిద్రపోతోంది. చెప్పకూడదనుకునేవాళ్లకి సాకులకేం కరువు.

ఎనిమిదికి తిరావు చేరాం. చిన్న ఊరు. ముడతల రేకులతో కట్టిన పెద్ద కుక్క, పెద్ద గొర్రె రోడ్డు పక్కనే నిలబడి ఉంటాయి. అవి నిజానికి భవనాలు, లోపలికి వెళ్లొచ్చు. ఐదున్నర డాలర్ల కాఫీ తీసుకుని, కుక్కకి ఎదురుగా బల్ల మీద కూర్చుని పద్దు పులిహోర డబ్బా తెరిచింది. రెండు ముద్దలు తిన్నాక ఇక ఆగలేకపోయాను.

"పద్దూ, నీకొకటి చెప్పాలే."

"ఏంటి, జాబ్ పోయిందా?"

"అది కాదు." సెలక్టర్ అడిగింది, నేనన్నది, ఒక్క ముక్క దాచకుండా చెప్పేశాను.

పద్దు డబ్బా మూత పెట్టేసింది. నా చేతిలో ఇంకా ముద్ద ఉంది.

"ఎవరైనా ఇస్తారన్నావా?"

"అన్నానే. బుద్ధి లేక అన్నాను. క్షమించవే."

"నేను పొట్టిదాన్ననీ, నాకు ఆట రాదనీ అనుకుంటూ బతికానే ఇన్నాళ్లూ. మా అమ్మ కూడా అలాగే అంది." డబ్బా సంచిలో పెట్టేసి లేచింది. "పద, లేటవుతోంది."

అక్కడ్నుంచి రొటోరువాకి నలభై నిమిషాలు. రేడియో నేను తగ్గిస్తే తను పెంచింది. అడవి దారి చాలా బాగుంటుందంటారు. నిజమే అయ్యుంటుంది, నేను చూడలేదు.

రొటోరువా వచ్చిందని ముక్కే చెబుతుంది. భూమిలోంచి లేచే గంధకపు ఆవిరి, కుళ్లిన గుడ్ల వాసన. అరగంటలో అలవాటైపోతుంది. హాలు బయట సాసేజ్‌లు కాలుస్తున్న బల్ల ఉంది, ఒక్కోటి బ్రెడ్‌తో మూడు డాలర్లు. కాలుస్తున్నావిడకి యాభై దాటి ఉంటాయి, భుజాలు తలుపంత వెడల్పు. పేరు హుయా, అక్కడే ఒక స్కూల్లో వంట చేస్తుందట. తను మాంసం తిననని పద్దు చెబితే, ఆవిడ ఆలోచించకుండా బ్రెడ్ నిండా వేయించిన ఉల్లిపాయలు పోసి, సాస్ పిండి, ఒక్క డాలర్ తీసుకుంది. ఆవిడ మాటలు నేను తెలుగులో చెబుతున్నాను.

"ఆడటానికేనా? ఏ పొజిషన్?"

"ఏమీ లేదు, బాల్ అందిస్తుంటాను" అంది పద్దు.

హుయా పట్టకారు ఆపి తనవైపు చూసింది. "ఆ పని చేసేవాళ్లందరూ 'ఏమీ లేదు' అనే మొదలుపెడతారెందుకో" అంది.

మా మ్యాచ్ పదకొండుకి. ఎదుటి జట్టు కోర్టులోకి వచ్చింది. ముందు నడుస్తున్నది ఎవరనుకున్నారు, ఏప్రన్ విప్పేసిన హుయా. కెప్టెన్ కూడా ఆవిడే. అమెరికాలో నాలుగేళ్లు కాలేజీకి ఆడి, ఆస్ట్రేలియాలో ప్రొఫెషనల్‌గా ఏడు సీజన్లు ఆడిందని మా జట్టులో నర్సు షెరిల్ చెవిలో ఊదింది. షెరిల్‌కి యాభై రెండు. నిరుడే బాస్కెట్‌బాల్ మొదలుపెట్టింది, ఇంతవరకూ ఒక్క బాస్కెట్ కూడా వేయలేదు. మాకు ఆవిడంటే ప్రాణం.

ఆట మొదలైంది. నేను ఎప్పట్లా పరుగెత్తి, రింగు కింద కుడివైపు ఖాళీ చూసుకుని చెయ్యి చాపాను. బంతి రాలేదు. మళ్లీ పరుగెత్తాను, మళ్లీ చాపాను. పద్దు నావైపు చూసింది, చక్కగా చూసింది, చూసి బంతిని ఎడమవైపు ఇచ్చింది. పది నిమిషాలు గడిచేసరికి నాకు విషయం బోధపడింది. బస్సు ఆపడానికి రోడ్డు మీద నిలబడ్డ మనిషిలా చెయ్యి చాపి నిలబడ్డాను, బస్సులన్నీ వెళ్లిపోతున్నాయి. ఇంకోళ్లు ఇచ్చిన బంతులు నాకు వచ్చాయి, రాలేదని కాదు. ఒకటి మోకాళ్ల దగ్గరికి, ఒకటి తల మీంచి, ఒకటి నేను లేనిచోటికి. అందుకునేసరికే హుయా నా మొహం ముందు గోడలా నిలబడి ఉండేది. మధ్య విరామానికి నా పాయింట్లు సున్నా.

"బాల్ ఏదే?" అన్నాను నీళ్లు తాగుతూ.

"ఎవరైనా ఇస్తారుగా" అంది పద్దు. "అడుక్కో."

షెరిల్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అంతా బాగానే ఉందా అని అడిగింది. బాగానే ఉందన్నాను. నిజం చెప్పనా, నాకు సిగ్గేసింది, కానీ అదే సమయంలో లోపల ఎక్కడో నవ్వు కూడా వచ్చింది. ఇరవై రెండేళ్ల క్రితం నేనన్న మాట తప్పని ఇంత శుభ్రంగా ఇంకెవరూ చూపించలేరు.

రెండో సగంలో పద్దు ఆటని నేను మొదటిసారి చూశాను. అంతకుముందెప్పుడూ చూడలేదు, ఎందుకంటే బంతి చేతికొచ్చేది, నేను రింగు చూసేదాన్ని. తను అందరినీ చూస్తోంది. ఎవరికి ఎడమచెయ్యి వాటమో, ఎవరు అలిసిపోయారో, ఎవరికి భయమో తనకి తెలుసు. షెరిల్ భయపడుతుందని ఆవిడ ఉన్నచోటికే రెండుసార్లు మెల్లగా ఇచ్చి, మూడోసారి ఎదుటి జట్టులో ఇద్దరిని తనవైపు లాగి, రింగుకి రెండడుగుల దూరంలో ఆవిడ చేతిలో పూలబుట్ట పెట్టినట్టు పెట్టింది. షెరిల్ కళ్లు మూసుకుని వేసింది. పడింది. రెండు జట్లూ చప్పట్లు కొట్టాయి. షెరిల్ ఏడుస్తూ, నవ్వుతూ, బంతి ఎటుపోయిందో మరిచిపోయి రిఫరీని కావలించుకుంది.

చివరి పది సెకన్లు. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. పద్దు దూసుకొచ్చింది, హుయాతో సహా ముగ్గురు తన మీదికి వెళ్లారు. నేను అలవాటు కొద్దీ కుడివైపు పరుగెత్తానే గానీ, ఆశ ఏమీ లేదు, చెయ్యి కూడా చాపలేదు. తను ఎడమవైపు చూస్తూ బంతిని హుయా పక్కనుంచి నేలకి కొట్టింది. అది లేచి సరిగ్గా నా కుడి నడుము దగ్గరికి, ఏలూరు కోర్టు మీద వచ్చిన ఎత్తులోనే వచ్చింది. నా కళ్లు చెమ్మగిల్లాయి. ఆ కళ్లతోనే వేశాను. బంతి రింగు మీద ఒక చుట్టు, ఇంకో అర చుట్టు తిరిగి బయట పడింది. విజిల్. ఓడిపోయాం.

పద్దు రింగు కింద చతికిలబడి కూర్చుంది. ఏడుస్తోందేమోనని పరుగున వెళ్లాను. పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"చూశావా, బాల్ ఎవరైనా ఇస్తారే" అంది నవ్వు మధ్యలో. "వెయ్యడమే చచ్చేంత కష్టం."

పక్కనే చతికిలబడి నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంతసేపు నవ్వామంటే, తర్వాతి మ్యాచ్ వాళ్లు మా చుట్టూ తిరిగి వార్మప్ మొదలుపెట్టారు.

ఇక్కడొక పద్ధతుంది. మ్యాచ్‌లో బాగా ఆడినవాళ్లని స్కోరు షీటు చూసి ఎంచరు, ఎదుటి జట్టు ఎంచుతుంది. మనల్ని ఎవరు ఎక్కువ ఏడిపించారో మన ప్రత్యర్థులకే బాగా తెలుసు కదా. బహుమతి, పైన చాక్లెట్, లోపల మెత్తటి మిఠాయి ఉండే చిన్న చేప. హుయా దాన్ని పట్టుకుని నేరుగా పద్దు దగ్గరికొచ్చింది. "ఏడు సీజన్లు జీతం తీసుకుని ఆడాను. ఎదుటివాళ్ల పేరు కాగితం మీద పడకుండా చూడటమే నా ఉద్యోగం. నా పేరు కూడా ఏ కాగితం మీదా పడలేదు. అందుకని నేను ఎవరూ చూడనివాళ్లనే చూస్తుంటాను. ఈరోజు నిన్ను ఆపలేకపోయాను" అంది. షీటులో పద్దు పేరు పక్కన రెండే పాయింట్లు. అప్పట్లాగే.

సాయంత్రం కుయిరావు పార్కుకి వెళ్లాం. భూమిలోంచి వచ్చే వేడినీళ్లలో కాళ్లు పెట్టుకునే తొట్లున్నాయి, పైసా ఇవ్వక్కర్లేదు, తువ్వాలు మాత్రం మీరే తెచ్చుకోవాలి. నొప్పులన్నీ నీళ్లలోకి దిగిపోతుంటే పద్దు ఆ చేప కాగితం తిప్పి చదివింది. "జెలటిన్ ఉంది, జంతువుల ఎముకల్లోంచి తీసేది, నేను తినను" అంది. చదవక్కర్లేదు, తనకి తెలుసు. "మా కొట్లో కౌంటర్ పక్కనే డబ్బా నిండా ఉంటాయే ఇవి. రోజూ అమ్ముతాను. నాకొకటి ఇచ్చినవాళ్లు లేరు ఇన్నాళ్లూ." నావైపు చూడకుండానే విసిరింది. కుడిచేతిలో పడింది. ఈసారి వదల్లేదు, అక్కడే తినేశాను.

తర్వాత నిత్యకి ఫోన్ చేసింది. "ఆరోజు అడిగావు కదమ్మా, యూనివర్సిటీ టీమ్ గురించి. నేను తప్పు చెప్పాను. నేను బాగా ఆడేదాన్ని. చాలా బాగా." నిత్య ఇంగ్లీషులో, ఈరోజు గెలిచారా అని అడిగింది. "లేదమ్మా" అంది పద్దు, "చేతిలో పెట్టినా మీ ఆంటీ వెయ్యలేకపోయింది."

తిరుగు దారంతా నేను ఒకటే ఆలోచించాను. నా జీవితంలో పద్దెనిమిది పాయింట్లని నేను చెప్పుకునేవన్నీ ఎవరో ఒకరు సరైన చోటికి, సరైన ఎత్తులో పంపినవే. హుయా లాంటివాళ్లు, పద్దు లాంటివాళ్లు ఎన్ని కాలేజీల్లో, ఎన్ని దేశాల్లో ఇలా మూలన మోచెయ్యిగా మిగిలిపోయారో. నేను అన్న మాటని వెనక్కి తీసుకోలేను. కనీసం ఇక్కడైనా తన పేరు రాస్తున్నాను: పద్మజ, రెండు పాయింట్లు, మిగతా అన్నీ తనవే.

వెళ్లేవాళ్లకి ఒకే ఒక్క సలహా. పక్క సీటు మనిషికి చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే తిరుగు ప్రయాణానికి దాచుకోకండి, తిరావు దగ్గర కాఫీ తాగుతూ చెప్పేయండి. కాకపోతే ముందు పులిహోర తినడం పూర్తి చేయండి.