అన్నీ చేయగలనని రాసిన పత్రం

ఆ స్వీయ మూల్యాంకన పత్రం ఫోనులోకి వచ్చినప్పుడు నేను బాన్సువాడ బస్టాండులో వర్ని వెళ్లే బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఉపాధ్యాయుడు తన డిజిటల్ నైపుణ్యాలను తానే అంచనా వేసుకోవాలి. పది ప్రశ్నలు, ప్రతి దానికీ రెండే జవాబులు: ఇతరుల సాయం లేకుండా చేయగలను, చేయలేను. బస్సు వచ్చేలోపు పదింటికీ చేయగలనని గుర్తు పెట్టాను.

నిజానికి మా పాఠశాలలో హాజరు, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే పనులన్నీ గణితం చెప్పే మేడం ఒక్కరే చేసేవారు. మధ్యాహ్న భోజనం కాగానే మా ఫోన్లన్నీ ఆమె బల్లపై పేర్చేవాళ్లం. సాయంత్రం ఎవరిది వారు తీసుకునేవాళ్లం. నా పాస్‌వర్డు కూడా ఆమెకే తెలుసు. అయినా చేయలేనని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. వాడకట్టులో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. నాకు రాదన్న మాట అక్కడ ఎవరూ విని ఎరుగరు.

కొద్ది రోజులకు ప్రధానోపాధ్యాయుడు పదో తరగతి అంతర్గత మార్కుల నమోదును నాకు అప్పగించారు.

"అన్ని వస్తయని రాసిండ్రు గద సార్. మేడం మీద ఇంకెంత బరువేస్తం? ఇగ మీరే కానియ్యుండ్రి."

తుది సమర్పణ నొక్కాక దిద్దడం మా చేతిలో ఉండదు. ఆ అంకెలే పిల్లల మెమోల్లోకి ఎక్కుతాయి. 

కంప్యూటరు ముందు కూర్చొని, రిజిస్టరు చూస్తూ ఒక్కొక్క అంకె చూపుడువేలితో కొట్టాను. అరచేతి చెమటకు మౌస్ జారిపోతోంది. చివరి గడి నిండాక, నొక్కబోతూ, భయం కొద్దీ పైనుంచి పేర్లు చదివాను. మా రిజిస్టరులో ముందు బాలురు, తరువాత బాలికలు. తెరపై అందరూ కలిసి ఉన్నారు. నేను పేర్లు చూడనే లేదు, వరుసనే నమ్మాను. తండా నుంచి నడిచి వచ్చి, తరగతిలో అందరికన్నా ముందుండే అమ్మాయి పేరుకు ఎదురుగా, బడికే సరిగా రాని పిల్లవాడి మార్కులు ఉన్నాయి.

సమర్పణ నొక్కకుండానే లేచాను. ఉపాధ్యాయుల గదికి వెళ్లాను.

"ఏమైంది సార్, గన్ని చెమటలు? దవాఖానకు పోదమా?" అన్నారు మేడం.

"నాకు రాదు మేడం. ఆ ఫారంల అబద్ధం రాసిన."

అక్కడే కూర్చున్న ప్రధానోపాధ్యాయుడు తల ఎత్తారు. "పిల్లలు అబద్ధం చెప్తే గోడకుర్చీ ఏయిస్తరు గద మీరు! మరి మీకేం ఏయియ్యాలె సార్?"

గదంతా నవ్వింది. ఆయనే ఆ పత్రం మళ్లీ తెరిపించారు. పదింట ఏడింటికి చేయలేనని మార్చాను.

మేడం నాతో కంప్యూటరు దగ్గరికి వచ్చి, రిజిస్టరు ఒళ్లో పెట్టుకున్నారు. "నేనైతే కంప్యూటరు ముట్ట. పేరు పైకి సదవుండ్రి. నేను మార్కు చెప్పినంకనే కొట్టుండ్రి."

సాయంత్రం గంట కొట్టే వేళకు అన్నీ సరి అయ్యాయి.

"ఇగ నొక్కుండ్రి సార్, ఫికర్ చెయ్యకుండ్రి."

 ఇంకొక్కసారి మొదటి నుంచి చదువుతానన్నాను. ఆమె గడియారం వైపు చూసి, రిజిస్టరును మళ్లీ మొదటి పేజీకి తిప్పారు.