రూబార్బ్ పప్పు మీద తొమ్మిది వ్యాసాలు

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మా తెలుగు సంఘం ఉగాది సంచికకు సంపాదకుణ్ణి నేనే. ఎవరి రాతనైనా కత్తిరించగలిగాను గానీ చలపతి వ్యాసాన్ని కుదించడం నా తరం కాలేదు. ఆయన కౌన్సిల్ ఆఫీసులో చిన్న ఉద్యోగి. కలం పడితే మహారాజు. 1998లో పాత సామాన్లమ్మే ఓ చారిటీ షాపులో ఆయనకు రెండు వందల ఏళ్ల కిందటి ఫ్రెంచి భోజనప్రియుడి పుస్తకం దొరికింది. వండే తీరు కన్నా తిన్న ఆనందాన్ని రాయాలని అందులో నేర్చుకున్నాడు. తిండి గురించి రాసేవాళ్లంతా నేటికీ ఆ ఫ్రెంచాయన విస్తట్లోనే తింటున్నారని వాదించేవాడు.

మరుసటి ఏడు నుంచి ఏటా ఒక వ్యాసం. అన్నిటిలోనూ భార్య సులోచన చేసే రూబార్బ్ పప్పే. గోంగూర దొరకని ఊళ్లో ఆవిడ ఆ పుల్లటి ఎర్రకాడలతో ఆ లోటు తీర్చేది. బయటి మంచు, నెయ్యి వాసన, మొదటి ముద్ద, అన్నీ పేజీలకు పేజీలు రాసేవాడు.

"ఈయన్ని వంటింట్లోకి రానివ్వకండి, పోపు మాడేదాకా వర్ణిస్తారు" అనేది సులోచన. మేమూ నవ్వేవాళ్లం.

2007లో ఆవిడకు క్యాన్సర్ అన్నారు. మందులకు నాలుక మొద్దుబారింది. జనవరికల్లా, ఇక వారాలే అన్నారు డాక్టర్లు. తెలుగు చదవడం రాని పదహారేళ్ల కూతురు మానస, అమ్మ పప్పు నేర్చుకుందామని నాన్న వ్యాసాలన్నీ చదివించుకుని, "డాడ్, హౌ మచ్ రూబార్బ్?" అని అడిగింది. ఆ కొలత తొమ్మిదింటిలో ఎక్కడా లేదు.

"తిన్న నన్ను రాసుకున్నానండీ. చేసిన మనిషిని కూరలో కరివేపాకు చేశాను" అని నా దగ్గర ఏడ్చాడు చలపతి. నాకూ ఏడుపొచ్చింది. అచ్చు వేసింది నేనేగా.

మర్నాడు నేను కాడలు తీసుకుని వెళ్లేసరికి సులోచనను పొయ్యి పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. కొలత ఆవిడకూ తెలియదు. కాడల పులుపు వారం వారం మారుతుంది, నాలుకతోనే చూసుకునేది. ఇప్పుడా నాలుకకు రుచి లేదు. మానస గరిట తిప్పింది. చలపతి అరచేతిలో వేసుకుని నాకాడు.

"ఎలా ఉందండీ?" అడిగింది సులోచన.

"అమృతం" అన్నాడు అలవాటుగా.

"రాతలొద్దండీ. పిల్లకి అక్కరకొచ్చేది చెప్పండి." ఆవిడ గొంతులో కోపం లేదు, తొందర ఉంది.

ఆయన మళ్లీ నాకాడు. "పులుపు చాల్లేదు."

"ఇంకో కాడ తరిగి వెయ్యి, మానసా. ఎన్ని వేశావో రాసుకో."

మూడుసార్లు రుచి చూశాడు, మానస మూడుసార్లు సరిచేసింది. నాలుగోసారి చలపతి సరిపోయిందని తల ఊపాడు. సులోచన చాలాసేపు ఆయన మొహమే చూసింది.

"ఇద్దరూ పెట్టుకోండి" అంది. "నాకెటూ మట్టిలాగే ఉంటుంది. మీరు తింటుంటే చూస్తాను."