గురిగింజ తూకం

రాజమొగిలి ఏ పని మొదలుపెట్టినా ముందు కుడిచేతి మూడు వేళ్ళు ముక్కు దగ్గరికి తెచ్చుకునేవాడు. వాసన చూసేవాడు. మొహం పక్కకు తిప్పి, వేళ్ళను లుంగీకి తుడిచి, అప్పుడు పట్టకారు అందుకునేవాడు. అన్నం ముందూ అంతే. దండం పెట్టే ముందూ అంతే.

మస్కట్‌కు దూరంగా, సముద్రం ఒడ్డునున్న సూర్‌లో ఆ వాసన మారేది కాదు. అక్కడ పడవలకు సొరచేప నూనె పూసేవారు. ఎండకు ఆ నూనె చెక్కలోంచి గాలిలోకి, గాలిలోంచి నీళ్ళకుండలోకి, రొట్టెలోకి వచ్చేది. వచ్చి రెండేళ్ళు దాటినా అతనికి అలవాటు కాలేదు. అలవాటు పడ్డవాళ్ళను చూస్తే ఇంకా రోతగా ఉండేది.

అతనిది జగిత్యాల పక్క పల్లె. బంగారం పని చేసే అవుసుల ఇల్లు. బంగారం మీద సర్కారు కంట్రోలు తెచ్చినప్పుడు వాళ్ళ కుంపటి చల్లారింది. మేలిమి ముట్టుకోవద్దన్నారు. పుస్తె చేయించుకునేవాళ్ళు దొంగల్లాగా పెరటి దారిన వచ్చేవారు. కొన్నాళ్ళకు వాళ్ళూ రావడం మానేశారు. తండ్రి ఆ దారి చూస్తూ చూస్తూ పోయాడు. రాజమొగిలి బిందెలకు మాట్లు వేశాడు, తాళాలు బాగుచేశాడు, చివరికి అందరితో పాటు బొంబాయి చేరి అక్కణ్ణించి మస్కట్ వచ్చాడు. సైట్‌లో సిమెంటు మోశాడు. భార్య శాంతవ్వ కట్టి ఇచ్చిన మూటలో మామిడి తొక్కుతో పాటు బంగారం తూచే ఇంటి సన్నత్రాసు, ఒక డబ్బీలో తూకానికి వాడే గురిగింజలు ఉన్నాయి. సిమెంటు బస్తా తూస్తావా దీంతో, అని రూమ్‌లో తోటివాళ్ళు నవ్వారు. అతను డబ్బీ మూత పెట్టి పక్కకు తిరిగి పడుకున్నాడు.

ఒకసారి మేస్త్రీ చేతి గడియారం సీల ఊడితే దాన్ని సరిచేశాడు. ఆ మాట పాకి సూర్‌లో ఒక కొట్టు యజమాని చెవిన పడింది. నడుముకు కట్టుకునే ఖంజర్ కత్తుల ఒరలకు వెండి పని, పాత తుపాకుల మరమ్మతు ఆ కొట్టులో జరిగేవి. కాగితాలు మారాయి. రాజమొగిలి సూర్ వచ్చాడు.

యజమాని మస్కట్‌లోనే ఉండేవాడు. కొట్టు నడిపేది నిసార్ అహ్మద్, కడప మనిషి. చెడ్డవాడు కాదు. కూర వండితే సగం తెచ్చి పెట్టేవాడు. కానీ ఖర్జూరం తిన్న చేత్తోనే తుపాకి నూనె ముట్టుకునేవాడు, అదే చేత్తో చెవిలో గెలుక్కునేవాడు, అదే చేయి రాజమొగిలి భుజం మీద వేసేవాడు. బల్ల మీద ఎక్కడ చేయి పెట్టినా అంటుకునేది. ఆ మనిషికి ఉన్న కొలత ఒకటే, అందాజా. బియ్యం అందాజా, మాట అందాజా, టైము అందాజా. ఆ మాట వింటే రాజమొగిలికి ఎవరో తన పళ్ళెంలో ఉమ్మినట్టు ఉండేది.

ఆ ఏడు, డెబ్బై ఏడులో, రోడ్డు పని మీద వచ్చిన ఒక ఇంగ్లీషాయన ఇంటికి పోతూ తన సామాను యజమానికి అమ్మేశాడు. పిస్తోలు తూటాలు ఇంట్లో నింపుకునే చేతి యంత్రం, తుపాకిమందు డబ్బాలు, ఒక త్రాసు, ఇత్తడి తూకపు రాళ్ళు, ఒక కాగితం. సూర్‌లో చాలా ఇళ్ళలో పాత పిస్తోళ్ళున్నాయి, వాటికి తూటాలు దొరకవు. పేలిన తూటాల ఇత్తడి తొడుగులు తెచ్చిస్తే మనమే నింపి ఇద్దామని యజమాని చెప్పి వెళ్ళాడు. ఎలా నింపాలో అతనికి తెలియదు. నిసార్ ఒకసారి ఇంగ్లీషాయన దగ్గర నిలబడి చూశాడు. అదే చదువు.

త్రాసు లారీలోనే విరిగింది. పీడ పోయిందన్నాడు నిసార్. అతను బల్ల మీద బొగ్గుతో పులిజూదం గీసి ఉంచేవాడు, టీ కొట్టువాడు వస్తే ఆడటానికి. సీసం గుండ్లు పులులు. ఆ రోజు నుంచి ఇంగ్లీషాయన ఇత్తడి రాళ్ళు మేకలయ్యాయి.

కాగితంలో ఒక్కో మందుకు రెండేసి అంకెలున్నాయి. రెండెందుకని రాజమొగిలి అడిగాడు. నిసార్ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. కొత్తవాళ్ళు కింది అంకెతో మొదలుపెట్టాలట, తుపాకి తీరు చూస్తూ కొంచెం కొంచెం పెంచాలట, పై అంకె దాటకూడదట. చదివి నవ్వాడు. కింది అంకె పిసినారుల కోసం, పై అంకె మగవాళ్ళ కోసం అన్నాడు. ఇక్కడ కొనేవాళ్ళకు కావలసింది చప్పుడు, అందుకని పై అంకే వేయమన్నాడు.

రాజమొగిలికి ఆ రెండు అంకెలే మురికిగా తోచాయి. బంగారానికి ఒక్కటే తూకం. ఇంత నుంచి ఇంత వరకు అనేది దొంగ మాట. పై అంకైనా అంకే కదా, గుప్పిలి కాదు కదా అని సరిపెట్టుకున్నాడు. అంకె పక్కనున్న మాటకు అర్థం అడిగాడు.

"గ్రెయినా?" అన్నాడు నిసార్, సోంపు నములుతూ. "ఏముండాదప్పా, దాణా. గింజ."

ఆ దేశంలో అతని చెవికి తన ఇంటి తూకం మాట తగలడం అదే మొదలు. గింజ. లోపలికి వెళ్ళి డబ్బీ తెచ్చాడు. గురిగింజల్లో పుచ్చులు తీసేశాడు, సరిజోడు ఏరుకున్నాడు. సన్నత్రాసు మేకుకు వేలాడదీశాడు. ఇంగ్లీషువాడైనా గింజతోనే తూస్తాడు, ఎక్కడైనా ధర్మం ఒక్కటే అనుకున్నాడు. ఇంకేమీ అడగలేదు.

పని చక్కగా సాగింది. ఒక చిప్పలో గింజలు, ఒక చిప్పలో మందు. ముల్లు నిలబడే దాకా గాలి పీల్చేవాడు కాదు. కాగితం గరాటుతో మందు తొడుగులోకి దించి, పైన సీసం గుండు పెట్టి, యంత్రం చేయి నొక్కేవాడు. తొడుగులో ఇంకా చోటుండేది కాబట్టి అనుమానం రాలేదు. ఆ కొట్టులో శుభ్రంగా ఉన్నది ఆ మూల ఒక్కటే. నిసార్‌ను ఆ మూలకు రానిచ్చేవాడు కాదు.

మొదటి పెట్టె యాకూబ్ తీసుకుపోయాడు. ఊరి పక్క సముద్రపు కాలువకు అవతల, అయ్‌జా పల్లెలో ఉండే ముసలి పడవ నాయకుడు. వయసులో ఉన్నప్పుడు బొంబాయికి, కాలికట్‌కు పడవలు నడిపాడు, బజారు హిందీ ధారాళంగా మాట్లాడతాడు. తమ్ముడి కొడుకు పెండ్లి ఉంది, అందరిలోకి తన పిస్తోలే గట్టిగా మోగాలని చెప్పి మరీ కొన్నాడు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం మందు డబ్బా ఖాళీ అయింది. నిసార్ కాగితం చూసి వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. డబ్బా ఇంకా సగం ఉండాలి. అతనికి కోపం రాలేదు, సరదా పుట్టింది.

"ఏమప్పా ఆచారీ, కంసాలోడు తల్లి ముక్కుపుడకలో కూడా గోకుతాడంట గదా. మందు గోకి ఏం చేసుకుంటావు? పెండ్లానికి కమ్మలు చేపిస్తావా?"

ఆ సామెత రాజమొగిలి పుట్టినప్పటి నుంచి వింటున్నాడు. సముద్రం దాటినా అది వెంటే వచ్చింది. త్రాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నిసార్ భాయ్, నీ కండ్ల ముందట తూస్త. ఎక్కడ వోయిందో నువ్వే చెప్పు."

నువ్వూ నీ గింజలూ, వాటిని నమ్మేదెవరని నిసార్ పులిజూదం మీద నుంచి అన్నింటికంటే చిన్న మేకను తీసి ముందుకు తోశాడు. దాని అడుగున ఒక గ్రెయిన్ అని చెక్కి ఉంది. అది ఇంగ్లీషాయన గింజ, దీంతో తూచి చూపించమన్నాడు.

రాజమొగిలి ఒక చిప్పలో ఇత్తడి రాయి పెట్టాడు. ఇంకో చిప్పలో గురిగింజ పెట్టాడు.

గురిగింజ చిప్ప బల్లకు తగిలింది. రాయి పైకి లేచిపోయింది.

చిప్పలు మార్చాడు. అంతే. ఒక గింజకు ఎదురుగా అలాంటివే రెండు రాళ్ళు పెడితే గానీ ముల్లు నిలబడే దగ్గరికి రాలేదు.

"అయితే దొంగవు కాదబ్బా నువ్వు," అన్నాడు నిసార్, పొట్ట పట్టుకుని నవ్వుతూ. "గురిగింజకు దాని నలుపు తెలీదంటారే, ఇదే. అంత నిక్కి నిక్కి తూచి, రెట్టింపు పోసినావు."

తర్వాత నవ్వు ఆగింది. నమలడం ఆగింది. పై అంకెకు రెట్టింపు, దాదాపు. అతనికీ అర్థమైంది.

"యాకూబ్ పెట్టె పోయింది గదా," అన్నాడు మెల్లగా.

"పోయింది."

"ఎప్పుడు పెండ్లి?"

"రేపు."

నిసార్ వీధిలో ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా, తమ్ముడికి చెప్పినట్టు చెప్పాడు. ఆ పిస్తోలు ముసలిది, పగిలితే పాతదై పగిలిందంటారు. అసలు పగలకపోవచ్చు. చెప్పామా, యజమాని ఇద్దరి కాగితాలూ చింపుతాడు, నువ్వు పోయి ఆ చల్లారిన కుంపటి ముందు కూచుంటావు. కొట్టులో మిగిలిన పెట్టెలంటావా, ఒక్కో ఊరికి ఒక్కోటి అమ్మేస్తే ఏది ఎక్కడిదో ఎవరికి తెలుస్తుంది. ఇంకో మాట, గింజ అని నేనన్నట్టు ఎవరూ వినలేదు, తూచింది నువ్వు.

చెబుతూ చెబుతూ ఖర్జూరాల గిన్నె ముందుకు జరిపాడు. ఒకటి తీసి, గింజ తీసేసి, ఆ చేత్తోనే అందించాడు.

"చెయ్యి వోతది, నిసార్ భాయ్. కండ్లు వోతయి."

"మనవి కాదు గదప్పా."

రాజమొగిలి బయటికి నడిచాడు. రేవు పక్కన కర్రల మీద సొరచేపల్ని చీల్చి ఎండబెట్టారు. ఈగలు లేచి మళ్ళీ వాలాయి. ఒడ్డున కూర్చుని వాంతి చేసుకున్నాడు. నిసార్ మాటకు కాదు. గురిగింజ చిప్ప బల్లకు తగిలినప్పుడు తనలో మొదట కదిలింది భయం కాదు. అమ్మయ్య, దొంగను కాను, అన్న సంతోషం. అది గుర్తుకు వచ్చింది. యాకూబ్ మొహం దాని తర్వాత వచ్చింది. చాలా తర్వాత వచ్చింది. నిసార్ తినే గిన్నెలోనే తనూ తింటున్నాడు.

అప్పటికి సముద్రం వెనక్కి తీసి కాలువ బురద తేలింది. అయ్‌జా పోయే పడవ పొద్దున్నే గానీ లేదన్నారు. తిరిగి కొట్టుకు వెళ్ళాడు. మిగిలిన పెట్టెలున్న బీరువాకు నిసార్ తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకుని ఉన్నాడు. నిసార్ కూర తెచ్చి పెట్టాడు. అది అక్కడే ఉండిపోయింది.

తెల్లవారి మొదటి పడవలో రాజమొగిలి కాలువ దాటాడు. యాకూబ్ వాకిట్లో అప్పటికే పెద్ద గిన్నెలు పొయ్యెక్కాయి. కొత్త బట్టల పిల్లలు ముసలాయన చుట్టూ మూగి ఉన్నారు. పిస్తోలు ఒళ్ళో ఉంది, నింపే ఉంది.

తూటాలు వెనక్కి ఇమ్మన్నాడు రాజమొగిలి. తూకం తప్పిందన్నాడు.

"ఎటు తప్పింది?" అని అడిగాడు యాకూబ్. "తక్కువా?"

"ఎక్కువ."

యాకూబ్ నవ్వాడు. పెండ్లికి ఎక్కువైతే తప్పేమిటని పిల్లలతో అన్నాడు. పిల్లలూ నవ్వారు. రాజమొగిలికి వచ్చిన కొద్దిపాటి హిందీ చాలలేదు. మందు, గొట్టం, పగలడం, ఏ మాట చెప్పినా వాళ్ళకు అది చప్పుడు లాగే వినిపించింది. చివరికి చేయి చాచాడు.

"అయితే మొదటిది నేను కాలుస్త. ఈ పోరగాండ్లను లోపటికి తోలుండ్రి."

యాకూబ్ ఆ చేతిని చూశాడు. చాచినది చాచినట్టే ఉంది. ముసలాయన నవ్వు తీసేసి పిల్లల్ని లోపలికి తరిమాడు. పిస్తోలు విప్పి తూటాలను చాప మీద దులిపాడు. పెట్టె తెప్పించి దాన్నీ అక్కడే పడేశాడు. కృతజ్ఞత చెప్పలేదు. చప్పుడు లేని పెండ్లి తన వంశంలో ఇదే మొదలన్నాడు, ఊళ్ళో తలెత్తుకోలేనన్నాడు.

"మీ కొట్టులో మనుషులు పెంట," అన్నాడు. "మళ్ళీ గడప తొక్కను."

"అవు," అన్నాడు రాజమొగిలి. "తొక్కకుండ్రి."

పెట్టె పట్టుకుని నీళ్ళ దగ్గరికి దిగాడు. వెంట తెచ్చుకున్న పట్టకారుతో ఒక్కో సీసం గుండునూ పీకి, మందును కాలువలో పోశాడు. అది మునగకుండా నీళ్ళ మీద తేలి, నూనె తెట్టుతో కలిసి, ఒడ్డు వెంట అటూ ఇటూ ఊగింది. అన్నీ అయ్యేసరికి ఎండ ఎక్కింది. ఖాళీ తొడుగుల్ని యాకూబ్ గడప దగ్గర పెట్టి తిరుగు పడవ ఎక్కాడు. ఇవతల దిగి కొట్టు వైపు పోలేదు. మస్కట్ పోయే లారీ దగ్గరికి వెళ్ళి, యజమానితో మాట్లాడాలి, బీరువాలో తూకం తప్పిన పెట్టెలింకా ఉన్నాయి అని డ్రైవరుకు చెప్పి, వెనక మూటల మీదికి ఎక్కి కూర్చున్నాడు.