పందికొక్కుకు పాలు పోసిన నాగులచవితి

సర్పాలను మెడలో హారాలుగా వేసుకున్న పరమేశ్వరుడికి, ఆదిశేషుడి మీద పవళించిన శ్రీమన్నారాయణుడికి, మన పూజల్లో తప్పులన్నీ చూసి కూడా చూడనట్టు ఊరుకునే ఆ దయకు ముందుగా నమస్కరించి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మొన్న దీపావళి వెళ్ళిన మర్నాడు పటమటలో మా అపార్ట్‌మెంటు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక జాబితా పెడితే మా కోడలు చదివి వినిపించింది. శరదృతువులో పిల్లలతో కలిసి, పైసా ఖర్చు లేకుండా, కుటుంబమంతా ఆరుబయట చేయదగ్గ పనులట. రంగు మారిన ఆకులు ఏరడం అందులో మొదటిది. మన కృష్ణా జిల్లాలో కార్తీకమాసంలో ఆకు రంగు మారిందంటే చేనుకు తెగులు పట్టిందనే అర్థం గానీ, ఏరుకుని సంచిలో వేసుకోవడానికి అందులో ముచ్చటేముంది? పొలాల్లో నడవడం, పుట్టలూ పురుగులూ పరిశీలించడం అని ఆ తరవాత చదివేసరికి మాత్రం నాకు నవ్వు ఆగలేదు. ఆ రెండు పనులూ మేము ఏటేటా చేసేవాళ్ళం, దాని పేరు నాగులచవితి.

నాకప్పుడు పదేళ్ళు. ఇప్పుడు మేడలున్న పటమటలో అప్పట్లో నాలుగు వీధులు దాటితే వరిచేలు మొదలయ్యేవి. చవితినాడు పెందలాడే తలస్నానాలు చేసి, చలిమిడీ, చిమ్మిలీ, వడపప్పూ, చెంబునిండా ఆవుపాలూ, ఒక కోడిగుడ్డూ పట్టుకుని ఇంటిల్లిపాదీ బయలుదేరేవాళ్ళం. ముందు మా నాయనమ్మ, ఆవిడ వెనక పాలచెంబుతో అమ్మ, అమ్మ వెనక నేను, దీపావళినాడు కాల్చకుండా దాచుకున్న సీమటపాకాయల దండ మెడలో వేసుకుని తమ్ముడు, అందరి వెనకా గొడుగు పట్టుకుని నాన్నగారు. పూజ విషయంలో నాన్నగారి వంతు ఆ గొడుగు వరకే. ఆఫీసు ఫైళ్ళు తప్ప ఇంకో పుస్తకం తెరిచి ఎరగని మనిషి. నాయనమ్మ మాత్రం భజన మందిరంలో పురాణం చెప్పే శాస్త్రిగారు ఒక పేరు తడబడితే కింద నుంచి అందించేటంతటిది. నాకు కాస్తో కూస్తో వచ్చిన పురాణజ్ఞానమంతా ఆవిడ పెట్టిన భిక్షే.

ఆ ఏడు మాకొక చిక్కు వచ్చింది. ఎప్పుడూ పాలు పోసే కాలువగట్టు పక్క పుట్టను ఎవరో ఇల్లు కట్టుకోవడానికి చదును చేసేశారు. అక్కడ చూస్తే ఇటుకల గుట్ట ఉంది. సరే, ఇంకో పుట్ట వెతుకుదామని చేలగట్ల మీద నడక మొదలుపెట్టాం. మాకు అది షికారే. కంకులు వేస్తున్న వరిని చేత్తో తాకుతూ, పీతల వెంట పడుతూ, బురదలో జారుతూ నేనూ తమ్ముడూ ఎంత సంబరపడ్డామో చెప్పలేను. అమ్మ సంగతి వేరు. పదిహేను రోజులపాటు జ్వరంతో మంచంలో ఉండి, వారం కిందటే లేచింది. ఈసారి ఉపవాసం వద్దని నాన్నగారు ముందురోజే గొణిగారు గానీ, పుట్టలో పాలు పోసి ప్రసాదం నోట్లో వేసుకునేదాకా మంచినీళ్ళయినా ముట్టకూడదన్నది మా ఇంటి ఆచారం, ఆచారం విషయంలో మా ఇంట్లో నాయనమ్మదే సుప్రీంకోర్టు. ఎండ నెత్తికెక్కేసరికి అమ్మ రెండుసార్లు గట్టు మీద కూలబడింది. నాన్నగారి గొడుగు ఎప్పుడు ముందుకు వచ్చి అమ్మ తలమీదికి చేరిందో ఎవరం గమనించలేదు.

చివరికి ఒక పెద్ద గట్టు మలుపులో నాయనమ్మ ఆగిపోయి దణ్ణం పెట్టింది. కొత్తమట్టి కుప్ప, దాని పక్కన నున్నటి కన్నం. ఆవిడ కళ్ళకు అప్పటికే శుక్లాలు ముదిరాయి. మాకేమో పుట్టకూ కుప్పకూ తేడా తెలియదు. పసుపూ కుంకుమా చల్లాం. అమ్మ చెంబెడు పాలూ పోసింది. గుడ్డు వేశాం, చిమ్మిలి వేశాం. తమ్ముడు సీమటపాకాయల దండ కన్నం పక్కనే అంటించాడు. ఆ మోత ఆగిందో లేదో లోపల ఏదో కదిలింది.

“కళ్ళు మూసుకోండర్రా! స్వామి కదులుతున్నాడు!” అని కేకేసింది నాయనమ్మ.

అందరం మూసుకున్నాం. నేను ఒక కన్ను పూర్తిగా మూయలేదు. అందుకే చూడగలిగాను. కన్నంలోంచి పిల్లి అంత సైజు పందికొక్కు ఒకటి, ఒళ్ళంతా పాలు కారుతూ, మీసాలకు చిమ్మిలి అంటుకుని, బయటికొచ్చి మమ్మల్నందర్నీ ఒకసారి తేరిపార చూసి, నాన్నగారి పాదం మీదుగా చేలోకి ఉరికింది. నాన్నగారు గొడుగు వదిలేసి గెంతారు.

ఆ మోతకు చేనుగల రైతు పరిగెత్తుకొచ్చి, సంగతి తెలుసుకుని చేతులెత్తి మొక్కాడు. “పది రోజులనుంచి పొగబెడతన్నానండీ, ఎంతకీ కదల్లేదు. మీ చేతి చలవ, అమ్మగారూ! అవతలి గట్టు మీద ఇంకో నాలుగు కలుగులున్నాయి, కాస్త అక్కడా పోసి పెడతారా?”

మేము పడీపడీ నవ్వాం. నాయనమ్మ నవ్వలేదు. పూజ చెల్లలేదనీ, ఇంటికి వెళ్ళి మళ్ళీ పాలు తెచ్చి అసలు పుట్ట దొరికేదాకా తిరగాల్సిందేననీ తీర్పు చెప్పింది. అమ్మ “అలాగేనండీ అత్తయ్యగారూ” అని లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. అప్పుడు మా నాన్నగారు జీవితంలో మొదటిసారి పురాణం ఎత్తుకున్నారు.

“అమ్మా, వినాయకుడి వాహనమేమిటే?”

“ఎలక. పందికొక్కు కాదు.”

“అంత బొజ్జకు చిట్టెలుక ఆగుతుందా? సరే, ఆయన మొలకు కట్టుకున్నదెవర్ని?”

“నాగేంద్రుణ్ణి.”

“మరి ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కదా. ఒకళ్ళ చేతికిస్తే రెండోవాళ్ళకు చేరదా? పైగా ఇవాళ చవితి. చవితి ఎవరి తిథి?”

“ఇది ఏ పురాణంలో ఉందిరా?” అంది నాయనమ్మ.

“ఏమో. లేదని నువ్వు చెప్పు, అన్నీ చదివావుగా!”

నాయనమ్మ అమ్మ ముఖంలోకి చూసి, పళ్ళెంలో మిగిలిన చిమ్మిలి ఉండ తీసి తన చేత్తోనే అమ్మ నోట్లో పెట్టింది. “తిను తల్లీ. వీడిలో ఇంత శాస్త్రముందని తెలిస్తే ఆఫీసుకు కాకుండా హరికథలకు పంపేదాన్ని” అంది. ఆ రైతు తన ముంతలో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. అమ్మ తాగుతుంటే నాన్నగారు అటు తిరిగి నిలబడి వరికంకులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఆ తరవాత నేను చాలా పురాణాలు చదివాను. సత్సంగంలో పెద్దల్ని అడిగాను. ఆ వాదన ఎక్కడా దొరకలేదు. తల్లి ఎదుట భార్యను గుక్కెడు నీళ్ళు తాగమనడానికి నోరురాని ఒక మనిషి, వినాయకుణ్ణి సాయం పిలుచుకున్నాడని మాత్రం పెద్దయ్యాక అర్థమైంది. ఆ స్వామి తప్పకుండా వచ్చి ఉంటాడనే నా నమ్మకం.

ఇప్పుడు ఆ చేలు లేవు, ఆ గట్లు లేవు. గుడిలో రాతి నాగులముందు వరసలో నిలబడి, ప్యాకెట్టు పాలు కత్తిరించి పోసి, పది నిమిషాల్లో ఇంటికొచ్చేస్తున్నాం. పూజలో పొరపాటు జరిగే అవకాశమే లేదు. పొరపాటు జరిగితే మనల్ని కాయడానికి ఇంట్లో ఎవరు ముందుకొస్తారో తెలుసుకునే అవకాశమూ లేదు.

చదువుతున్నవారు ఒక్కసారి నాతోపాటు చేతులు జోడించండి. స్వామీ, మేము పోసే పాలు ఎవరు తాగినా నీ లెక్కలోనే వేసుకో. ఆకలితో సొమ్మసిల్లినవాళ్ళను చూసి, లేని శాస్త్రమైనా వెతికి తెచ్చే మనిషిని ఇంటికి ఒక్కరినైనా ఇవ్వు. ఆ మాట విని ఓడిపోవడానికి ఒప్పుకునే పెద్దదిక్కును కూడా ఇవ్వు.