నన్నెత్తుకపోయిన్రట!

ఆ రోజుల్ల ఆడపిల్ల ఒక ఊరికెంచి ఇంకొక ఊరికి పోతున్నదని ఎవ్వరు అనకపోయేది. తీస్కపోతున్నరు అనేటోళ్లు. బాపు తీస్కపోతె అత్తగారింటికి, అన్న తీస్కపోతె తల్లిగారింటికి, మొగడు తీస్కపోతె కొండగట్టు మొక్కుకు. తన కాళ్ల మీద తాను నడిచి పోతదన్న మాట ఒక్కల మనసుకన్న తట్టేది కాదు. పెట్టెకు, బిందెకు, మాకు ఏమన్న ఫరక్ ఉండెనా అని ఇప్పటికీ అనిపిస్తది. (పెట్టెకు తాళమన్న ఉంటది.) మొన్న వకీలు చదువు చదువుతున్న మా మనుమరాలు పుస్తకం ముంగటేసుకొని, "అమ్మమ్మా, అపహరణ అంటె ఏందో నీకు తెలుసా?" అని పరీక్ష పెట్టినట్టు అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఎన్కనే ఒళ్లు మండింది. నాకు తెల్వదా? సగం పొద్దు దాని మీదనే పెద్దమనుషులు కూసోని చర్చ చేసిన్రు, నన్ను ముంగట నిలబెట్టుకొని.

మాది మంథని అవతల గోదారి ఒడ్డు పల్లె. ఆంధ్రప్రదేశ్ అయ్యి కొన్నేండ్లయినా మేము ఠాణా సబిన్‌స్పెక్టర్‌ను అమీన్ సాబ్ అనే అంటుంటిమి. నేను అమ్మమ్మోళ్ల ఇంట్ల ఉండి మంథనిల మెట్రిక్ దాక చదివిన. ఇగ చాలు అని బాపు ఇంట్ల కూసోబెట్టిండు. పక్కూరి పటేలు కొడుకుకు నన్నియ్యాలని మాటలయితున్నయి. పిలగాడు ఎసొంటోడో నాకు తెల్వదు, నేను చూడలే. పటేలుకు జీపు ఉన్నదన్న సంగతి మాత్రం ఊరు ఊరంత చెప్పుకునేది. గదే టైముకు మా చిన్నమామ, అంటె మా అవ్వ తమ్ముడు, నా పేరు మీద కరీంనగర్ టీచర్ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టిండు. ఆయన అక్కడ ఒక కచ్చీర్ల గుమాస్త. నాకంటె నాలుగేండ్లు పెద్ద, ధైర్యంల మాత్రం పదేండ్లు చిన్న. ఫలానా నాడు ఇంటర్వ్యూకు రమ్మని కబురొచ్చింది. ఆ పొద్దు సాయంత్రంలోపట పోకుంటె సీటు ఇంకొకరికి ఇస్తరు, నేను పటేలోళ్ల ఇంట్ల పేడ ఎత్తుకుంట ఉంట. ఉన్నది గంతే కథ. ఎవలికన్న చెప్తె ఒక్క నిమిషంల సమజయితది. చెప్పనిస్తె గద!

అవ్వకు అంత ఎరుకే. చీకట్లనే లేచి జొన్నరొట్టెలు చేసి మూటకట్టి ఇచ్చింది. "బాపు అడిగితె ఏం చెప్తవే అవ్వా?" అంటె, "నన్నెవలడుగుతరు బిడ్డా" అని పొయ్యి ఊదుకుంట కూసున్నది. నేను, చిన్నమామ మొదటి మోటరు బస్సు ఎక్కినం. మా నసీబు ఎట్లున్నదో చూడున్రి, గదే పొద్దు లగ్గం మాట ఖాయం చేసుకుందామని పటేలు మా ఇంటికి వచ్చిండు. పిల్లను పిలువున్రి అన్నడట. పిల్ల ఏది? పిల్ల లేదు. మామ లేడు. ట్రంకుపెట్టె లేదు. బాపుకు నోట మాట రాకముందే పటేలు "అగ్వా! అగ్వా! పిల్లను ఎత్తుకపోయిన్రు!" అని కేకలేసి, బాపును, అవ్వను జీపుల ఏసుకొని మోటరు ఎంబడి పడ్డడు.

సగం తొవ్వల జీపు అడ్డం వచ్చి మోటరు ఆగింది. ఎదురుంగనే ఠాణా (ఏ ఊరో ఎందుకు తియ్యిన్రి). ఒక జవాను లోపటికి వచ్చి నా రెక్క పట్టుకొని కిందికి గుంజిండు. "రెక్క ఇడువు, నేను దిగుతున్న గద!" అంటె ఇంటడా? ఎనుక సీట్ల కరీంనగర్ కోర్టుకు పోయే ముసలి వకీలొకాయన ఉండె. కేసు వాసన తగిలినట్టున్నది, ఎవ్వరు పిలువకున్నా చేతిసంచి పట్టుకొని మా ఎంబడే దిగిండు. మోటరు మమ్ముల ఇడిచిపెట్టి దుమ్ములేపుకుంట పోయింది. అది పోయినంతసేపు నేను దాని దిక్కే చూసిన.

ఠాణాల ముందుగాల జవాను మొదలుపెట్టిండు. "సార్, పోరి తలకు నూనె పెట్టింది, పూలు పెట్టింది. కొత్తచీర. పెట్టె ఉన్నది. పక్కన మేనమామ ఉన్నడు, ఆయనకు లగ్గం కాలే. మోటర్ల ఇద్దరు ఒక్కటే మూట ఇప్పుకొని రొట్టె తింటున్నరు. ఇగ అడుగుడేంది సార్? లేచిపోయి లగ్గం చేసుకుంటందుకే!" (మా అల్లుడు కాలేజీల తర్కం చెప్తడు. అపహరణ తీరుగనే, ఆనవాళ్లు చూసి ఇదే అయ్యుంటదని ఊహించుడును గూడ ఇంగ్లీషుల అబ్డక్షన్ అనే అంటరట. ఆ లెక్కన ఆ పొద్దు నన్ను అబ్డక్షన్ చేసింది జవానే.) జవానును అని ఏం లాభం? మేనకోడలిని మేనమామ తీస్కపోతున్నడంటె మా దిక్కు ఎవలైనా గట్లనే అనుకుంటరు. పిల్ల నౌకరి చదువుకు పోతున్నదని ఒక్క పురుగుకన్న తోచలే.

"అమీన్ సాబ్, నేను ట్రైనింగుకు..." అని నోరు తెరిచిన. "నువ్వాగు బిడ్డా, పెద్దోళ్లు మాట్లాడుతున్నరు" అన్నడు అమీన్ సాబు. మంచిగనే అన్నడు, నవ్వుకుంట అన్నడు. గందుకే ఇంక కాలింది. వకీలు ముక్కు మీది అద్దాలు సర్దుకొని, "అమీన్ సాబ్, ఊకె అగ్వా అగ్వా అంటె నడువది. పిల్లకు పద్దెనిమిది నిండకపోతె, తండ్రి దగ్గరికెంచి తీస్కపోవుడే జుర్ము, నేరం. పిల్ల తన ఇష్టంతోటి పోయినా జుర్మే. నిండితె మాత్రం జబర్దస్తి చేసిండని, లేకుంటె మోసం చేసిండని రుజువు కావాలె. అది వేరే దఫా, వేరే సెక్షను" అని పాఠం చదివినట్టు చెప్పిండు. పటేలు దినాం భాగవతం చదివే మనిషి. "రుక్మిణిని ఎత్తుకపోయింది ఎవలు? సాక్షాత్తు కృష్ణుడు. ఆయనకు చెల్లింది. గీ గుమాస్తకు చెల్లుతదా?" అని గుడ్లురిమిండు. "రుక్మిణమ్మ కబురు పంపితె గద దేవుడు వచ్చిండు, అది హరణం ఎట్లయితది?" అని వకీలు. "మరి సీతమ్మను ఎత్తుకపోయినోడు?" అని పటేలు. ఇద్దరు గోదారి ఈ ఒడ్డు ఆ ఒడ్డు పట్టుకొని నిలబడ్డరు. గోడ మీద గడియారం మాత్రం ఎవల కోసం ఆగుతలేదు. నాకు ఏడుపొస్తున్నది, దాని మీద కోపమొస్తున్నది. ఆ రుక్మిణమ్మకన్న కబురు పంపే గతి ఉండె, నాకు అరమాట మాట్లాడే గతి లేదు.

అమీన్ సాబుకు గూడ బేజారొచ్చినట్టున్నది. చాయ్ గిలాస కింద పెట్టి, "మేనమామే గద భాయ్, రివాజే గద. ఇద్దరికి ఇక్కడ్నే రెండు దండలు ఏపిస్త. కేసు ఖతం, అందరు ఇండ్లకు పోన్రి" అన్నడు. చిన్నమామ, పొద్దటిసంది ఒక్క మాట మాట్లాడనోడు, చటుక్కున చేతులు జోడించి "వద్దు సార్, నన్ను జేల్లనే ఏయున్రి" అన్నడు. నేను ఆయన దిక్కు చూసిన. ఓయమ్మ! నన్ను చేసుకునుటికంటె జేలు నయమట! నాకు గూడ ఆయన వద్దే, అది వేరే ముచ్చట. గని గంత ఉర్కులాట ఏంది? (ముప్పై ఏండ్ల దాక ఆ మాట పట్టుకొని ఆయనను ఏపుకతిన్న.)

ఇగ వయసు కాడ చిక్కు పడ్డది. "పిల్లకు ఎన్నేండ్లు?" అని అమీన్ సాబు బాపును అడిగిండు. నన్నడుగడు, బాపును అడుగుతడు. బాపు తలకాయ వంచి, "పదహారు నిండలే" అన్నడు. నేను ఉలిక్కిపడ్డ. నాకు ఇరవైల పడ్డది! అప్పుడు సమజయింది, ఇంట్ల ఇరవై ఏండ్ల పిల్ల ఉన్నదంటె ఏదో ఖోట ఉన్నదనుకుంటరని పటేలోళ్లకు పదిహేనో పదహారో అని చెప్పిపెట్టిండు. ఇప్పుడు పటేలు పక్కన్నే కూసున్నడు. పదహారంటె సొంత బామ్మర్ది జేలుకు పోతడు, ఇరవై అంటె సంబంధం పోతది. బాపుకు చెమటలు పట్టినయి. కండువ తోటి తుడిసిందే తుడుస్తున్నడు. "బాపూ, ఎందుకట్ల చెప్తవు!" అని నేనరిస్తె, "చూసిన్రా, పిల్లకు అప్పుడే మందు పెట్టిన్రు" అన్నడు పటేలు. నా మెట్రిక్ సర్టిఫికెట్టు తీసి చూపించిన. వకీలు దాన్ని ముట్టను గూడ ముట్టలే. "గది నమ్మితె అయినట్టే. ఆ బడిల పోరగాండ్లందరు ఒక్కటే తారీకు పుట్టినట్టు రాసిండు పంతులు" అన్నడు. అది నిజమే, నా బెంచీ మీదున్నోళ్లందరం ఒక్కనాడే పుట్టినం.

సర్కారు దవఖానకెంచి డాక్టరును పిలిపించిన్రు. ఆయన నా నోరు తెరిపిచ్చి పండ్లు చూసిండు. జవాను గుంజిన రెక్క నొస్తున్నదంటె, "చెయ్యి పక్కకు లేపమ్మా, ఇంక పైకి" అన్నడు. లేపిన. "ఆ, అబ్డక్షన్ బాగున్నది" అన్నడు. పటేలు కుర్చీల కెంచి లేచి, "ఇన్నరా! డాక్టరే చెప్తున్నడు!" అని లొల్లి. "అయ్యా, చెయ్యి ఒంటికి దూరంగ లేపుడును మా శాస్త్రంల గట్లంటరు" అని డాక్టరు తల పట్టుకున్నడు. చివరికి వయసు పదహారు అయినా కావొచ్చు, ఇరవై అయినా కావొచ్చు, ఎముకల ఫొటో తీస్తె తెలుస్తది, ఆ మిషిను కరీంనగర్ల ఉన్నది అని చెప్పి పోయిండు. కరీంనగర్! నేను పొద్దటిసంది మొత్తుకుంటున్న ఊరే! నేను గోడకు తల కొట్టుకుందామనుకున్న.

గప్పుడు వచ్చింది మా అవ్వ. ఇంతసేపు బయట జీపుల కొంగు నెత్తి మీదికి తీసుకొని కూసున్నది. లోపటికి రమ్మని గూడ ఎవ్వరు అనలే. గుమ్మం కాడ నిలబడి, "ఎవ్వరు అడుగుతలేరు గాబట్టి నేనే చెప్తున్న" అన్నది. "మొన్నటి పుష్కరాలు కాదు సారూ, దానికి ముందటి పుష్కరాలకు దీన్ని సంకలేసుకొని గోదాట్ల ముంచిన. అప్పటికే అడుగులేస్తుండె. నీళ్లు తగలంగనే కెవ్వుమని పక్కామె కొప్పు పట్టి గుంజింది, సవరం ఊడి గోదాట్ల కొట్టుకపోయింది. పటేలా, ఆ సవరం మీ ఇంటామెదే! యాదికున్నదా?" పటేలు ముఖం ఎర్రగయింది. ఆ సవరం కథ పటేలమ్మ కనబడ్డోళ్లకల్ల చెప్పుకునేది, కాదనుటానికి లేదు. అమీన్ సాబు ఏండ్లు ఏండ్లు అని ఏలు మీద లెక్కపెట్టుకుంట, "పుష్కరానికి పుష్కరానికి పన్నెండు, దాని మీద ఇన్ని..." అని ఆగి, ఫక్కున నవ్విండు. వకీలు సంచి మూసిండు.

పటేలు లేచి, "ఇరవై ఏండ్ల పిల్లనా మాకు అంటగడుతున్నవు!" అని బాపును నానా మాటలన్నడు. అందరి ముంగట అన్నడు. జీపు ఎక్కి ఒక్కడే పోయిండు. బాపు ఠాణా మెట్ల మీద కూలబడ్డడు. నాకు అప్పటిదాక బాపు మీద ఉన్న కోపం ఎటు పోయిందో పోయింది. అవ్వ గూడ ఆయన దిక్కు చూడలేక తమ్ముని దిక్కు చూస్తున్నది. సంబంధం తన నోటితోటే పోగొట్టిందని ఆమెకు తెలుసు. అమీన్ సాబు బయటికి వచ్చి బాపుతోటి, "ఇగ పిల్లను నువ్వే తీస్కపో. గీ మామతోని పంపితె ముంగట ఠాణాల మళ్ల ఇంకొక అగ్వా అయితది. నాకు తలకాయ నొస్తున్నది" అన్నడు.

రోడ్డు మీదికి వచ్చినం. ఊరి దిక్కు పోయే మోటరు ముందుగాల వచ్చింది. అవ్వ, ఆమెకు తోడుగ చిన్నమామ ఎక్కిన్రు. బాపు ఎక్కలే. "పట్టపగలు ఊర్లకు ఏ ముఖం పెట్టుకొని పోవాలె" అని గొణుక్కున్నడు. దాని ఎన్కకు కరీంనగర్ మోటరు వచ్చింది. బాపు నా పెట్టె నెత్తిన పెట్టుకొని ఎక్కిండు. నా దిక్కు చూడలే, రా అనలే. నేను ఎక్కిన. తొవ్వ పొడుగుత అవ్వ కట్టిచ్చిన రొట్టెలు మిగిలినయి మిగిలినట్టు తిన్నడు.

ట్రైనింగు స్కూల్ల అందరు పోయిన్రు. పెద్దమేడం ఒక్కతె కాయితాలు సర్దుకుంటున్నది. మా దుమ్ము ముఖాలు చూసి ఆగింది. కలం తీసుకొని, అందరు చూసినట్టే నన్నిడిచిపెట్టి బాపు దిక్కు చూసి, "అమ్మాయి పేరేంటి? వయసెంత? ఎందుకు చదవాలనుకుంటున్నది?" అన్నది. బాపు కండువ తీసి చేతిల పట్టుకున్నడు. తర్వాత, "నన్నెందుకడుగుతరు మేడం, ఆమెనే అడుగున్రి" అన్నడు.

ఏం చెప్పమంటరు! పొద్దటిసంది గొంతు చించుకుంటున్నదాన్ని, నోరు తెరిస్తె ఏడుపొచ్చింది. పేరు గూడ చెప్పలేకపోయిన. "టీచరు కావాలని వచ్చి నోరు లేకపోతే ఎట్లమ్మా?" అన్నది పెద్దమేడం, కలం కింద పెట్టుకుంట. "నోరా?" అన్నడు బాపు. "నోరున్నది మేడం. పొద్దున్నుంచి అమీన్ సాబుకు గూడ ఆపుడు కాలే. జర ఆగున్రి, చెప్తది." ఆమె కలం మళ్ల చేతికి తీసుకున్నది. ఇద్దరు నా కోసం ఆగిన్రు.

సీటు వచ్చింది, నౌకరి వచ్చింది, ఎన్నో బళ్లల్ల ఎంతోమంది పిల్లల మీద అరిచి అరిచి రిటైరయిన. ఎవ్వరేం అడుగకముందే జవాబు చెప్తనని ఇంట్ల ఇప్పుడు ఎక్కిరిస్తరు. ఎక్కిరించనీ. ఒక్కొక్కసారి మాత్రం ఆ బల్ల ముంగట ముక్కు చీదుకుంట నిలబడ్డ పిచ్చి పోరి యాదికొస్తది. దాని దగ్గరికి పోయి చెవుల చెప్పాలనిపిస్తది, తొందరేం లేదు బిడ్డా, మంచిగ ఏడువు, ఎనుక బాపు నిలబడ్డడు అని.