గాలి పనా, నీటి పనా

బీమా కంపెనీ తరఫున తుఫానుకి పాడైన ఇల్లు చూడడానికి వచ్చేది ట్రాయ్ పీత్రే అని తెలియగానే ఎలోడీ డార్డార్‌కి గుండె కుదుటపడింది. ట్రాయ్ జ్ఞానస్నానానికి వాణ్ని ఎత్తుకుని చర్చిలో నిలబడింది ఆవిడే. ఆ కాలువ ఒడ్డు ఊళ్లలో జ్ఞానతల్లిని ‘నానాన్’ అంటారు. వాళ్లమ్మ లోర్నా రొయ్యల షెడ్డుకి పనికి పోయినన్నాళ్లూ వాడు ఈ నానాన్ వంటింట్లోనే పెరిగాడు.

ఎలోడీ బడిపిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి. మొగుడు నోరిస్ రొయ్యల పడవ నడిపేవాడు. తమ ఇంటి ముందున్న ఖాళీ స్థలంలో ఇంకో ఇల్లు కట్టి, ఒక టీచరమ్మకు అద్దెకిచ్చి, ఆ తర్వాత పోయాడు. ఆ అద్దె మీదే ఎలోడీ బతుకు. బీమా మాత్రం ఏనాడూ తప్పకుండా కట్టుకొచ్చింది.

తుఫాను నాడు టీచరమ్మ ముందే ఊరు విడిచింది. ఎలోడీ వెళ్లలేదు. తెల్లవారుతుండగా తన కిటికీలోంచి చూస్తూండగానే, అద్దె ఇంటి కప్పు చేప పొలుసు గీకినట్టు రేకు రేకుగా లేచిపోయింది. పొద్దున్నంతా వాన నేరుగా ఇంట్లోకే కురిసింది. మధ్యాహ్నం దాటాక గానీ కాలువ పొంగలేదు. పొంగినా నీళ్లు మోకాలి దగ్గరే ఆగాయి.

ట్రాయ్ వచ్చాడు, రబ్బరు బూట్లతో గదులన్నీ తిరిగి ఫొటోలు తీశాడు.

“ఒరే, పైకి కూడా చూడరా. కప్పు పోయాకే నీళ్లొచ్చాయి,” అంది ఎలోడీ.

“చూశాలే నానాన్. అన్నీ రాస్తాగా. కాఫీ ఉందా?”

కాఫీ తాగి, బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్లాడు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఇంటిని పాడుచేసింది వరద నీళ్లట. కప్పు ముందే పుచ్చి ఉందట. ఒక్క పైసా ఇవ్వరట. ఎలోడీ ఫోను తీసింది.

“నా చేతుల్లో ఏం లేదు నానాన్. వరదకి వేరే పాలసీ ఉంటుంది, నువ్వు తీసుకోలేదు.”

“నేను వరద సంగతి అడిగానా? కప్పు సంగతి అడుగుతున్నా.”

“కప్పు పాతది.”

“కిందటేడే మార్పించాను. ఆరోజు నిచ్చెన పట్టుకుంది ఎవర్రా?”

వాడు ఫోను పెట్టేశాడు.

ఆవిడ ఏడవలేదు. గోడ మీదున్న ట్రాయ్ చిన్నప్పటి ఫొటో తీసి సొరుగులో బోర్లా పెట్టింది. ఆ రోజు నుంచి లేచినా కూర్చున్నా ఒకటే తలపు: వాడి నోటితోనే నిజం కక్కించాలి.

చర్చి హాల్లో తుఫాను బాధితులకు ఉచితంగా సలహా చెప్పే సిమోన్ ఫ్రూజే అనే కుర్ర లాయరమ్మ దగ్గరికి పాలసీ పట్టుకెళ్లింది. సిమోన్ మొత్తం చదివి, విడమర్చి చెప్పింది.

“ఇది సొంతానికి ఉండే ఇంటి పాలసీ కాదండీ, అద్దెకిచ్చిన ఇంటిది. అద్దెకున్నామె మంచాలూ బట్టలూ ఇందులోకి రావు. ఇల్లొస్తుంది, పెరట్లో షెడ్డొస్తుంది. ఇల్లు ఉండడానికి పనికిరాకపోతే మీకు రాకుండా పోయిన అద్దె కూడా ఇస్తారు.”

“అద్దె కూడానా? వాడు చెప్పలేదే.”

“వాళ్లు చెప్పరండీ.”

“వాళ్లు చెప్పకపోవచ్చు. వీడు చెప్పాలి.”

సిమోన్ వేలు ఇంకో పేరా మీద పెట్టింది. “వరద నష్టం ఇందులోకి రాదు. గాలి నష్టం వస్తుంది. వానకి మాత్రం ఓ మెలిక ఉంది. గాలి ముందు కప్పుకో గోడకో కన్నం పెట్టి, ఆ కన్నంలోంచి వాన పడితేనే ఇస్తారు. అందుకే కప్పు పుచ్చిందని రాశారు. కన్నం గాలిది కాకపోతే వానా లేనట్టే.”

“మోకాలి దాకా వచ్చిన నీళ్లకి సీలింగు ఎలా తడిసిందమ్మా?”

“అదే అడుగుదాం. మీకు కావలసింది డబ్బేగా?”

“డబ్బు తర్వాత. వాడు ప్రమాణం చేసి నిజం చెప్పాలి.”

అప్పటికే ఆ రోడ్డు పొడవునా ట్రాయ్ చూసిన ఇళ్లన్నీ ఎలోడీ తిరిగొచ్చింది. ప్రతి ఇంట్లో తడిసి ఊడిపడ్డ సీలింగే. కంపెనీ ఉత్తరాలతో పంపిన ఫొటోలు మాత్రం ప్రతి ఇంటివీ గోడ అడుగువే, కప్పుది ఒక్కటీ లేదు. వాళ్లందర్నీ సిమోన్ ముందు కూర్చోబెట్టింది.

కేసు కోర్టుకెక్కగానే కంపెనీ దిగొచ్చింది. ఎలోడీకి అద్దెతో సహా అంతా ఇచ్చేస్తాం, సంతకం పెట్టి తప్పుకోమంది. సిమోన్ తీసుకోమనే చెప్పింది. ఎలోడీ తీసుకోలేదు; తీసుకుంటే వాడు కోర్టులో ప్రమాణం చేసే పని ఉండదు. కప్పు మీద పరిచిన నీలం టార్పాలిన్ పట్టా కింద ఇల్లు ఇంకో వానకాలం నానింది. టీచరమ్మ వేరే ఊళ్లో స్థిరపడింది. ఎలోడీ మళ్లీ బడి వంటగదిలో గిన్నెలు తోమే పనికి కుదిరింది.

లోర్నా వచ్చి మెట్ల మీద కూర్చుంది. “వాడికిద్దరు పిల్లలున్నారే, ఎలోడీ.”

“తెలుసు. చిన్నదాని గౌను కుట్టింది నేనే.”

“మరి వదిలెయ్యవే.”

“నన్ను వాడు వదిలాడా?”

కోర్టులో ట్రాయ్ ప్రమాణం చేశాడు. సిమోన్ గొంతు పెంచకుండా అడిగింది, సీలింగు ఎలా తడిసిందని.

“వానకి.”

“వాన లోపలికి ఎలా వచ్చింది?”

“కప్పు లేదు.”

“కప్పుని ఏది తీసింది?”

ట్రాయ్ నానాన్ వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

“గాలి,” అన్నాడు. కప్పు వైపు కెమెరా ఎత్తినవాళ్లకు మళ్లీ పని దొరకదని కంపెనీలో పైవాళ్లు చెప్పారనీ అన్నాడు. ఎలోడీకి ఆకలి కడుపులో వేడి అన్నం పడ్డట్టయింది.

కంపెనీ ఆ రోడ్డులోని ఇళ్లన్నిటికీ కట్టింది. ట్రాయ్‌ని పనిలోంచి తీసేసింది. నష్టం లెక్కగట్టే లైసెన్సు రద్దు చేయడానికి బీమా బోర్డు వాణ్ని విచారణకి పిలిచింది. అప్పుడు వచ్చాడు, ఎలోడీ గుమ్మంలోకి. దోమతెర తలుపు ఇవతల ఆవిడ, అవతల వాడు.

“బోర్డుకి ఓ ముక్క రాయి నానాన్. నువ్వు రాస్తే వింటారు. పని పోతుందని భయపడ్డాను, అంతే.”

“ఆ మాట ఆ రోజే నాతో చెప్పాల్సింది.”

“చెబితే ఏం చేసేదానివి?”

“తిట్టేదాన్ని. తిట్టి, కంచం పెట్టి, వేరేవాణ్ని పంపించమని కంపెనీకి చెప్పేదాన్ని.”

“రాస్తావా?”

“రాయను.”

గడియ వేసుకుని లోపలికి వెళ్లింది. కారు స్టార్టయ్యేదాకా పొయ్యి దగ్గరే నిలబడింది.

ట్రాయ్ టెక్సాస్ వెళ్లి చమురు బావుల్లో కూలికి చేరాడు. ఎలోడీ ఇంటికి కొత్త కప్పు వేయించి, ఓ పడవ మెకానిక్కు అద్దెకిచ్చింది. లోర్నా ఆవిడ వెళ్లే చర్చి పూజకు రావడం మానేసింది. ఏటా గుడ్ ఫ్రైడేకి లోర్నా ఇంటినుంచి ఉడికించిన క్రాఫిష్ రొయ్యల బకెట్టు వచ్చేది. ఆ ఏడు రాలేదు. ఎలోడీ తనే సంతకెళ్లి కొని తెచ్చుకుని, బల్ల మీద కాగితం పరచుకుని, ఒక్కతే కూర్చుని వలుచుకు తింది. ఎలా ఉన్నాయని పక్కింటివాళ్లు అడిగితే, బాగానే ఉన్నాయి, కారం సరిపోయింది అంది.