సూది వేయని డాక్టరమ్మ

కొంటా ఊళ్లో నేను క్లినిక్ తెరిచిన కొత్త. జలుబుతో వచ్చిన ఓ కిరాణా వ్యాపారి సూది వేయాల్సిందేనన్నాడు. అవసరం లేదని వాదించాను. కోపంగా వెళ్లి, ఫోన్లో నా క్లినిక్‌కి ఒకే ఒక్క స్టార్ ఇచ్చి ఇలా రాశాడు: "ఈ డాక్టరమ్మ సూది వెయ్యది. ఉత్త ముచ్చట్లు చెప్తది." ఇక నా దగ్గరికి ఎవరొస్తారని దిగులుపడ్డాను.

మర్నాడు తలుపు తీస్తే వరండా నిండా తల్లులూ పిల్లలూ!

"సూది వెయ్యని డాక్టరమ్మ నువ్వేనంట గదా? మా పోరడు సూదంటే ఉరుకుతడు," అంది ఒకామె.

వాళ్ల వెనకే, దగ్గుతున్న మనవరాలిని ఎత్తుకుని ఆ వ్యాపారి!

"ఏంది సేఠ్, మీరూ వచ్చారా?"

"సూది నాకు గావాలె గానీ ఈ బుజ్జిదానికెందుకమ్మా? ఆ రాసింది తీసేస్తలే."

"తీయకండి!" అని అరిచాను. వరండా అంతా నవ్వు.

టీకాలు మాత్రం తప్పవని ఆ తల్లులతో ఇప్పటికీ వాదిస్తున్నాను. ఎదుట ఇంతమంది ఉంటే వాదనలో ఎంత ఆనందమో!